తెర మీద చివరి పంక్తి

పుస్తకము చదువువానికి చివర సమీపించినదని వేళ్ళే చెప్పును. కుడివైపు పుటలు పలుచబడును; తుదకు అట్ట తగులును. సెల్‌ఫోనులో అట్టి గుర్తు లేదు. వ్రేలితో తెరను పైకి తోసినకొలది క్రొత్త పంక్తులు క్రిందినుండి వచ్చుచుండును. దీనిని స్క్రోల్ చేయుట యందురు. చదువరి చివరకు వచ్చినాడని ఫోనులోని యాప్‌నకు ఎట్లు తెలియును? దానికి కన్నులు లేవు. అది లెక్క వలననే తెలిసికొనును.

ఈ లెక్కను తరగతిలో సులభముగా చూపవచ్చును. 40 సెంటీమీటర్ల పొడవుగల కాగితపు పట్టీని తీసికొనవలెను. ఒక అట్టముక్కలో 10 సెంటీమీటర్ల ఎత్తుగల కిటికీని కోయవలెను. పట్టీ యాప్‌లోని విషయము. కిటికీ ఫోను తెర. రెండింటి పై అంచులను కలిపి యుంచి, పట్టీని మెల్లగా పైకి జరుపవలెను. ఎన్ని సెంటీమీటర్లు జరిపినప్పుడు పట్టీ చివరి అంచు కిటికీలో కనబడును? 40 అని కొందరు తొందరపడి చెప్పుదురు. సరియైన జవాబు 30. ఏలనన, మొదటి 10 సెంటీమీటర్లు జరుపకముందే కనబడుచున్నవి. కావున సూత్రమిది:

జరిగిన దూరము + కిటికీ ఎత్తు = మొత్తము పొడవు.

ఈ రెండు వైపులు సమానమైనప్పుడు చివర వచ్చినట్లు. యాప్‌లో ఈ మూడింటిని పిక్సెళ్ళలో, అనగా తెరమీది చుక్కల లెక్కలో, కొలుతురు.

సూత్రము సులభమే గాని ఆచరణలో మూడు చిక్కులు కలవు. మొదటిది భిన్నముల చిక్కు. మొత్తము 2400 రావలసినచోట 2399.5 వద్దనే కదలిక ఆగిపోవచ్చును. ‘సమానమా?’ అని అడిగిన ప్రోగ్రాము అప్పుడు ‘కాదు’ అనును. అందుచేత ‘మిగిలిన దూరము ఒక పిక్సెలు లోపుననే యున్నదా?’ అని అడుగుట మేలు. రెండవది, పట్టీ 8 సెంటీమీటర్లే యైనచో అది మొదటనే పూర్తిగా కనబడును. జరుపవలసిన పనియే లేదు. జరిపినప్పుడు మాత్రమే లెక్క చూచు ప్రోగ్రాము ఎన్నటికిని చివరను గుర్తింపదు. తెరచినప్పుడు కూడ ఒకసారి చూడవలెను. మూడవది, బొమ్మలు ఆలస్యముగా వచ్చి చేరినచో మొత్తము పొడవు పెరుగును. అప్పుడు మరల లెక్కింపవలెను.

ఇంకొక పద్ధతియు కలదు. చివరి పంక్తి క్రింద కంటికి కనబడని గుర్తునొకదానిని ఉంచి, అది కిటికీలోనికి వచ్చినప్పుడు తెలుపుమని వ్యవస్థను కోరవచ్చును. కదిలిన ప్రతిసారి లెక్క చేయు శ్రమ తప్పును. క్రోమ్ బ్రౌజరులో ఈ సౌకర్యము 2016లో వచ్చినది.

చివరను గుర్తించుట ఎందులకు? కొన్ని యాప్‌లలో షరతులను చివరివరకు జరిపిన పిదపనే ‘అంగీకరించుచున్నాను’ అను మీట పనిచేయును. మరికొన్నింటిలో చివర ఇంకను కొంత దూరముండగనే తరువాతి విషయమును తెచ్చి అతికింతురు. పట్టీ క్రింద మరియొక పట్టీ, దాని క్రింద మరియొకటి. చదువరికి చివర ఎన్నడును కనబడదు. ఈ అంతులేని స్క్రోల్‌ను 2006లో రూపొందించిన అమెరికా దేశీయుడు ఆజా రాస్కిన్. పుట పుటకు మీట నొక్కు శ్రమను తప్పించుటయే ఆయన ఉద్దేశము. కాని జనులు తాము తలచినదానికన్న ఎక్కువ కాలము తెరకు అంటుకొనిపోవుటను చూచి, తరువాత ఆయనయే బహిరంగముగా విచారము తెలిపినాడు. పుట ముగిసినచోట ‘ఇక చాలునా?’ అని ఆలోచించు అవకాశముండెడిది. చివరతో పాటు అదియు పోయినది.

సూత్రము చెప్పునది ఒక్కటే: చివరి పంక్తి కిటికీలోనికి వచ్చినది. నడుమనున్న పంక్తులను ఎవరైన చదివినదియు లేనిదియు అది చెప్పజాలదు. కాగితపు పట్టీని ఒక్క గుంజుతో లాగినను లెక్క సరిపోవును. షరతుల క్రింద మీట వెలిగినంతమాత్రమున అవి అర్థమైనట్లు కాదు. ఎక్కడ ఆగవలెనో, ఏది మరల చదువవలెనో నిర్ణయించుట చదువరి పనియే.