కట్లపాము కాని కట్లపాము

మా కొల్లేటి పల్లెల్లో గోడవార చారల పాము కనబడితే చాలు, "కట్లపామురోయ్!" అని ఒక కేక, వెనకే కర్ర. చచ్చాక అది నిజంగా కట్లపామేనా అని చూసే ఓపిక ఎవరికీ ఉండదు. రైతు ఇంట పుట్టి జంతుశాస్త్రం చదువుతున్నవాణ్ణి కనుక నేను తిప్పి చూస్తుంటాను. వాటిలో కొన్ని కట్లపాములు కానే కావు. బల్లుల్ని తిని బతికే వుల్ఫ్ స్నేక్‌లు, అంటే తోడేలు పాములు. వీటివల్ల మనిషికి ప్రాణభయం లేదు.

దీనికి 1758లో లిన్నేయస్ శాస్త్రీయనామం పెట్టాడు. ఇప్పుడు లైకోడాన్ ఆలికస్ అంటున్నాం. లైకోడాన్ అంటే గ్రీకులో తోడేలు పల్లు. ఆలికస్ అంటే లాటిన్‌లో రాచకొలువుది. కొలువు మాట ఎలా ఉన్నా, మన పెంకుటిళ్ళలో మాత్రం హాయిగా కాపురం చేస్తుంది! నోటి ముందు భాగంలో పెద్ద పళ్ళుంటాయి. అవి విషపు కోరలు కావు. నలికిరి ఒళ్ళు నున్నగా, గట్టిగా ఉండి జారిపోతుంది గదా, దాన్ని బిగించి పట్టడానికే ఆ పళ్ళు.

చేపల చెరువు గట్టుమీద మోటారు షెడ్డుకి రాత్రి లైటు వేస్తాం. లైటుకి పురుగులు, పురుగులకి బల్లులు, బల్లులకోసం ఈ పాము. గరుకు గోడలు సునాయాసంగా ఎక్కుతుంది. పగలు ఏ ఇటుకల సందులోనో ముడుచుకుని పడుకుంటుంది.

మరి గుర్తుపట్టడమెలా? తోడేలు పాముకి పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోకవైపు పోనుపోను మాసిపోతాయి. కట్లపాముకి సాధారణంగా తలవైపు మాసినట్లుండి, తోకవైపు స్పష్టంగా, తరచు జంటలుగా ఉంటాయి. దాని వెన్ను నడుమ పెద్ద ఆరుపలకల పొలుసుల వరుస కూడా ఉంటుంది. అయితే ఇవన్నీ దూరంనుంచి, పగటి వెలుగులో చూడవలసిన గుర్తులు. చీకట్లో పరీక్ష పెట్టుకోకూడదు.

ఈ పోలికలో పెద్ద ప్రమాదమొకటుంది. తోడేలు పాము కరిచినవాణ్ణి మంత్రగాడి దగ్గరకు తీసుకుపోతారు. విషమే లేదు కనుక తెల్లారేసరికి లేచి కూర్చుంటాడు. పేరు మంత్రానికి వస్తుంది. ఆ నమ్మకంతోనే రేపు కట్లపాము కరిచినవాణ్ణీ అక్కడికే మోస్తారు. కట్లపాము కాటు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. నేలమీద పడుకున్నవాడికి కరిచినట్టే తెలియకపోవచ్చు. తరువాత కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, చివరికి ఊపిరి ఆగడం. మంత్రం దగ్గర పోయిన ప్రతి గంటా ప్రాణంలోంచి పోయినట్టే.

2000-2019 మధ్య దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58 వేలమంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఉంది.

కాబట్టి మిత్రులారా, మూడు మాటలు. దోమతెర కట్టుకుని, వీలైతే మంచంమీద పడుకోండి. పాము కనబడితే దూరంగా నిలబడి పోనివ్వండి. కరిస్తే మాత్రం ఏ పామని వెతక్కుండా, కోయకుండా, కట్లు బిగించకుండా, ఏలూరో గూడెమో ఏది దగ్గరైతే ఆ ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తండి. విషానికి విరుగుడు మందు అక్కడుంది. బల్లులు తినే ఆ పిచ్చి జీవిని దాని బల్లులకు వదిలేద్దాం.