ట్రంకుపెట్టెలో పాత నాణేలు: ఏ కాలం నుంచి మొదలుపెట్టాలి?

నగరం, రేపల్లె, తెనాలి వైపు పాత ఇళ్లలో దాదీ ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున ఒక గుడ్డమూట కనిపిస్తుంది. అందులో చిల్లుకాణీ, రాజు బొమ్మ రూపాయి, చార్మినార్ ముద్ర ఉన్న నాణెం, పది పైసల బిళ్లలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. పిల్లలకు చూడగానే సరదా పుడుతుంది. ఆ తర్వాత దొరికిందల్లా కొనేస్తారు. ఏడాది తిరిగేసరికి డబ్బా నిండుతుంది గానీ ఏ నాణెం ఎవరిదో చెప్పలేరు. అందుకే సేకరణకు ముందు ఒక కాలాన్ని ఎంచుకోవాలి.

ఎంచుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. నాణెం మీద రాత మన ఇంట్లో ఎవరైనా చదవగలరా? మన స్తోమతకు తగ్గ ధరలో దొరుకుతుందా? మన ప్రాంతంతో దానికి సంబంధం ఉందా?

మన జిల్లాలో బాగా పాతవి శాతవాహనుల నాణేలు. భట్టిప్రోలు బౌద్ధ స్తూపం రేపల్లెకు దగ్గరే. సీసంతో చేసిన శాతవాహన నాణేల్లో రెండు తెరచాపల ఓడ బొమ్మ ఉన్న రకం పేరుపొందింది. ఈ తీరం నుంచి సాగిన సముద్ర వ్యాపారానికి అది గుర్తు. అయితే వాటి మీద రాత బ్రాహ్మీ లిపి. పైగా అరిగిపోయి ఉంటాయి. అసలుదా నకిలీదా అని తేల్చడం కొత్తవాళ్లకు కష్టం. వీటిని మ్యూజియంలో చూసి తెలుసుకోవడం మేలు.

తర్వాతిది కుతుబ్‌షాహీల కాలం. పక్కనున్న నిజాంపట్నం అప్పట్లో గోల్కొండ రాజ్యపు రేవు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ ‘గ్లోబ్’ అక్కడ ఆగాకే మచిలీపట్నం వెళ్లింది. అబ్దుల్లా కుతుబ్‌షా రాగి నాణేల్లో హిజ్రీ 1068 నాటి రకం మీద ‘ఖత్మ్ బిల్ ఖైర్ వస్సఆదత్’ అని ఉంటుంది. మేలుతో, శుభంతో ముగిసింది అని భావం. ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించి 1656లో సంధి కుదిరాక, రెండేళ్లకు వచ్చిన నాణెం అది. ఆ నేపథ్యం తెలిస్తే ఆ నాలుగు మాటలు గుండెకు తగులుతాయి.

హిజ్రీ సంవత్సరాన్ని మార్చడం తేలికే. 0.97తో గుణించి 622 కలపాలి. 1068కి అలా చేస్తే 1658 వస్తుంది. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు.

మూడోది కంపెనీ కాలం. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1808లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో కొట్టిన రాగి ఇరవై కాసుల నాణెం మీద ‘బీస్త్ కాస్ చహార్ ఫలూస్ అస్త్’ అని ఫార్సీలో ఉంటుంది. ఇరవై కాసులంటే నాలుగు ఫలూసులు అని అర్థం. ఇలాంటి నాణేలు మోసుకొస్తున్న ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ ఓడ 1809లో ఇంగ్లండు తీరంలోనే మునిగింది. 1980లలో వాటిని పైకి తీశారు. అదే కాలంలో మద్రాసు వెండి అర వరహా మీద ఇంగ్లీషు, ఫార్సీ, తమిళంతో పాటు తెలుగు లిపి కూడా ఉంది. తెలుగు, ఉర్దూ రెండూ తెలిసిన ఇంటికి ఇంతకంటే దగ్గరి నాణెం ఏముంటుంది?

నాలుగోది ఆసఫ్‌జాహీల కాలం. మన జిల్లా అప్పటికి బ్రిటిష్ వాళ్ల కింద ఉంది. కానీ చుట్టరికాలు హైదరాబాద్ దాకా ఉన్నాయి కదా, ఆ నాణేలూ మన పెట్టెల్లోకి చేరాయి. చార్మినార్ వాకిట్లో ‘మీమ్’ అక్షరం ఉంటే మహబూబ్ అలీఖాన్‌ది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది. నిజాం బిరుదుతో పాటు 92 అంకె ఉంటుంది. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4. మొత్తం 92, అంటే ముహమ్మద్ అనే పేరు.

పిల్లలకైతే స్వతంత్ర భారత నాణేలతో మొదలుపెట్టించవచ్చు. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఖర్చు దాదాపు ఉండదు, చూపు మాత్రం అలవాటవుతుంది.

మొత్తం మీద ఉర్దూ చదివే పెద్దలున్న ఇంటికి ఫార్సీ రాతలున్న రాగి నాణేలు మంచి మొదలు. లిపి ఒకటే కాబట్టి దాదీ, నానా అక్షరాలు పోల్చుకోగలరు. పిల్లలు వాళ్ల పక్కన కూర్చుని చదివించుకోవాలి. ఆ పెద్దలు ఉన్నప్పుడే ఈ పని జరగాలి. తర్వాత నాణెం మిగులుతుంది, చదివేవాళ్లు మిగలరు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. 786 ఉన్న నోటుకు, ఫలానా పాత నాణేనికి లక్షలిస్తామని ఫోన్లు వస్తుంటాయి. ముందు కమీషన్ కట్టమంటారు. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది, అలాంటి లావాదేవీలతో తనకు ఏ సంబంధమూ లేదని. నిజాం నాణెం మీద 92 కావాలని వేసింది. నోటు మీద 786 వరుస సంఖ్యలో వచ్చిన అంకె, అంతే.

పొలం దున్నుతుంటే నాణేలు బయటపడితే దాచుకోకూడదు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువైతే కలెక్టర్‌కు చెప్పాలి. వందేళ్లు దాటిన నాణేలను విదేశాల్లోని బంధువులకు పంపడమూ చట్టవిరుద్ధమే.

నాణేన్ని చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది, విలువ పోతుంది. అంచులు పట్టుకుని చూడాలి. కంసాలికి తూకానికి వేసే ముందు రాత చదివించండి. జార్జి రాజు రూపాయిల్లో 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో వెండి సగమే, 1947 నాటివి నికెల్‌వి.

ఇక జకాత్ సంగతి. హనఫీ ఫిఖ్‌లో వెండి, బంగారం ఏ రూపంలో ఉన్నా లెక్కలోకి వస్తాయి, నాణెమైనా సరే. అమ్మకానికి కాకుండా దాచుకున్న రాగికి ఉండదు. మీ లెక్క మస్జిద్ ఇమామ్ గారిని అడిగి తేల్చుకోండి.

ఈ ఆదివారం ఆ గుడ్డమూట విప్పి, రాతను బట్టి నాణేలను కుప్పలుగా వేరుచేయండి. ఏ కుప్పను ఇంట్లోవాళ్లు చదవగలిగితే మీ సేకరణ అక్కడి నుంచే మొదలవుతుంది.