ప్రీపోన్ చేస్తే తప్పేంటి?

'మీటింగ్ ప్రీపోన్ అయింది', 'సార్ ఔటాఫ్ స్టేషన్', 'మా అబ్బాయి ఇంజినీరింగ్ పాసవుట్ అయ్యాడు', 'బస్టాండ్ బ్యాక్‌సైడ్‌కి వచ్చెయ్'... రోజూ మన నోట్లో నానే మాటలే. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు పక్కనుంటే మాత్రం ముఖం చిట్లిస్తారు. ఇవన్నీ తప్పులేనా? అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా!

ప్రీపోన్‌నే తీసుకోండి. పోస్ట్‌పోన్ అంటే వాయిదా. మరి ముందుకు జరిపితే? మనవాళ్లు పోస్ట్ తీసేసి ప్రీ తగిలించారు. విన్న వెంటనే అర్థమైపోతుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా దీనికి చోటిచ్చింది. ఇంకా నవ్వేవాళ్లుంటే నవ్వనివ్వండి.

ఇక కజిన్ బ్రదర్. 'కజిన్ అంటే చాలదా, మళ్లీ బ్రదర్ ఎందుకు?' అని మాస్టార్లు విసుక్కుంటారు. ఇంగ్లిష్‌లో పెదనాన్న కొడుకూ కజినే, మేనమామ కూతురూ కజినే. ఆడామగా తేడా కూడా లేదు. మనకలా కుదురుతుందా? పెదనాన్న, పెద్దమ్మ, చిన్నాన్న, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త, మేనమామ పిల్లలేమో బావలు, మరదళ్లు. ఒకరితో రాఖీ, ఇంకొకరితో సరసం! పిన్ని కొడుకును ఉత్త కజిన్ అనడానికి మనసొప్పకే ఆ బ్రదర్‌ను తోకలా తగిలించుకున్నాం. అలాగని మేనబావను కజిన్ బ్రదర్ అని పరిచయం చేసి చూడండి, అమ్మమ్మ ఊరుకుంటుందేమో!

'ఐ యామ్ ఫ్రమ్ విజయవాడ ఓన్లీ' అన్నా అంతే. 'మాది విజయవాడే' అన్నప్పుడు చివర వచ్చే ఆ 'ఏ'ని ఇంగ్లిష్‌లో ఎక్కడ పెట్టాలో తెలియక ఓన్లీని తెచ్చి అతికించాం. ఔటాఫ్ స్టేషన్ కథ వేరు. తెల్లదొరల కాలంలో అధికారులు, సైనికులు ఉండే చోటును స్టేషన్ అనేవారు. దొరలు వెళ్లిపోయారు, మాట మిగిలింది. ఆఫీసు ఉత్తరాల్లో 'డూ ద నీడ్‌ఫుల్' కూడా ఆ బాపతే.

చిక్కల్లా అవతలివాళ్లకు వేరే అర్థం తోచినప్పుడే. పాసవుట్ అంటే అమెరికాలో స్పృహ తప్పి పడిపోవడం. మనం చదువు పూర్తయిందని సంతోషంగా చెబుతుంటే వాళ్లు 'ఇప్పుడెలా ఉంది?' అని కంగారుపడతారు. (మనమేమీ గాల్లోంచి పుట్టించలేదు లెండి. హైదరాబాద్ పోలీసు అకాడమీలో శిక్షణ ముగిశాక జరిగేది పాసింగ్ అవుట్ పరేడే.) బ్యాక్‌సైడ్ అంటే పిరుదులు. 'మా ఇల్లు గుడి బ్యాక్‌సైడే' అంటే ఏమనుకోవాలి పాపం!

నవ్వుకుని వదిలేయలేనివి రెండున్నాయి. ఒకటి డౌట్. క్లాసులో చెయ్యెత్తి 'సార్, డౌట్' అంటే అర్థం కాలేదు, చెప్పండి అని. అదే మాట విదేశీ క్లయింటుతో 'ఐ హావ్ ఎ డౌట్' అంటే, మీరు చెప్పేది నమ్మబుద్ధి కావట్లేదని అవతలివాళ్లు అనుకోవచ్చు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు వినయంగా అడిగినా పెడసరంగా వినిపిస్తుంది. రెండోది రివర్ట్. జవాబివ్వమని మనం 'ప్లీజ్ రివర్ట్' అని మెయిల్ పెడతాం. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో రివర్ట్ అంటే చేసిన మార్పును తీసేసి పాత స్థితికి తెచ్చేయడం. రాత్రంతా కూర్చుని రాసిన కోడ్ సంగతి ఇక చూసుకోండి. వీటి బదులు క్వశ్చన్, రిప్లై అంటే ఏ గొడవా లేదు.

రివర్ట్ బ్యాక్, డిస్కస్ అబౌట్ లాంటివి వింటే చెవిలో జోరీగే కానీ ప్రమాదం లేదు. ఏటీఎంలోనే మిషన్ ఉన్నా ఏటీఎం మిషన్ అంటాం. పిన్‌లోనే నంబరున్నా పిన్ నంబర్ అంటాం. ఇంగ్లిష్ పుట్టింటివాళ్లూ అలాగే అంటారు. నడి అన్నా సెంటరే అని తెలిసీ 'నడిసెంటర్' అనే మనకు ఇదో లెక్కా!