మేస్త్రి చాలా? ఇంజినీరు కావాలా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళికైతే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు వాకబు చేస్తాం. ఇంటి దగ్గరికొచ్చేసరికి "మా ఆడబిడ్డ ఇంటికి పనిచేసినాయనే కదా" అని అడ్వాన్సు చేతిలో పెట్టేస్తాం!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. పాత పెంకుటిల్లు దించి స్లాబు వేద్దామనేవారు, ఉన్న ఇంటిపైనే ఇంకో అంతస్తు లేపుదామనేవారు ఇక్కడ ఎందరో. మరి ఏ పనికి ఎవరిని పిలవాలి?

పనిని బట్టే మనిషి

గచ్చు మార్చడం, బాత్రూం టైల్స్, వంటగట్టు వంటి వాటికి చేయి తిరిగిన మేస్త్రి చాలు. కానీ గోడ తీయాలన్నా, పైన అంతస్తు వేయాలన్నా ఇంజినీరు చూడందే గునపం పడకూడదు. పాత ఇళ్ళలో చాలావాటికి పిల్లర్లుండవు. కప్పు బరువంతా మోసేది గోడలే. వంటింటి గోడ ఊరికే అడ్డంగా ఉందని తీయిస్తే ఆ బరువు ఎవరు మోస్తారు? స్లాబు పెచ్చులూడి చువ్వలు కనిపిస్తుంటే సిమెంటు పూయించి ఊరుకోకండి. లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతోందన్నమాట. నల్లరేగడి నేలైతే వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది. పునాది లోతు ఇంజినీరే చెప్పాలి.

కొత్త ఇల్లయితే గాలి, వెలుతురు, మెట్లు, ఉన్న జాగాలో గదుల అమరిక ఆర్కిటెక్టు పని. 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. నంబరు అడగడానికి మొహమాటం వద్దు. దగ్గర్లో ఎవరూ లేకపోతే హనుమకొండలోనో, హైదరాబాదులోనో ప్లాను గీయించుకుని, పని మన ఊరి మేస్త్రితోనే చేయించుకోవచ్చు. వాస్తు చూపించేదుంటే ప్లాను గీయకముందే చూపించండి. స్లాబు పడ్డాక గుమ్మం మార్చమంటే ఖర్చు రెండింతలు!

అనుమతి మాట

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం మున్సిపాలిటీలో 75 గజాల్లోపు జాగాలో ఒక అంతస్తు ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అనుమతి అక్కర్లేదంటే ఇంజినీరు అక్కర్లేదని కాదు సుమా! 600 గజాల్లోపు ఇళ్ళకు మనమిచ్చే హామీ మీదే వెంటనే అనుమతి వస్తుంది. అందులో తప్పుంటే నోటీసు లేకుండానే కూల్చే అధికారం వాళ్ళకుంది. మేస్త్రి రాసిచ్చిన కాగితం మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టకండి.

మీరూ కూర్చోండి

బేరం మగవాళ్ళు మాట్లాడతారులే అని టీలు అందించి లోపలికి వెళ్ళిపోకండి. పొద్దస్తమానం ఆ వంటింట్లో నిలబడేది మీరు. గట్టు మీ మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికుంటే నడుము నొప్పి రాదు. ఆ మాట మీరు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? మీరడిగినదానికి "సారుతో మాట్లాడతాలెండి అమ్మా" అని దాటేసే మనిషి రేపు స్లాబు కారుతోందంటే వింటాడా?

అతను కట్టి రెండు వానాకాలాలు దాటిన ఇల్లొకటి చూసి రండి. ఆ ఇంటావిడను అడగండి. చదరపు అడుగు రేటులో ఏమేం కలుస్తాయో కాగితం మీద రాయించుకోండి. డబ్బు బేస్‌మెంటు, స్లాబు, ప్లాస్టరింగ్... ఇలా దశలవారీగా ఇవ్వండి. స్లాబును కనీసం వారం, పీపీసీ సిమెంటైతే పది రోజులు తడపాలి. ఆ బాధ్యత ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి.

పాలంపేట గుడిని కట్టించిన రేచర్ల రుద్రుడి పేరుతో కాదు, చెక్కిన శిల్పి పేరుతోనే రామప్ప గుడి అంటున్నామని చెబుతారు. పనివాడికి అంత విలువిచ్చిన ప్రాంతం మనది. మనింటికి పనివాణ్ణి ఎంచుకునేందుకు నాలుగు రోజులు ఎక్కువ తిరిగితే ఏం పోయింది?