పిస్టల్ పట్టు

పిస్టల్ పట్టు అనగా షూటింగ్ క్రీడలో క్రీడాకారులు పిస్టల్ పిడిని చేతితో పట్టుకొనే పద్ధతి. నిలబడే తీరు, శ్వాస నియంత్రణ, గురి, ట్రిగ్గర్ నొక్కుట వలెనే ఇది కూడా ఈ క్రీడలో ఒక ప్రాథమికాంశం. ఒలింపిక్ పిస్టల్ పోటీలన్నింటిలోను ఆయుధాన్ని ఒక్క చేతితోనే పట్టుకొనవలెను. పోలీసు శిక్షణలో కనిపించే రెండు చేతుల పట్టు దీనికి భిన్నమైనది. ఈ వ్యాసం ముఖ్యంగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో వాడే పట్టును గురించినది.

ప్రాముఖ్యత

ఎయిర్ పిస్టల్ లక్ష్యంపై 10 పాయింట్ల వలయపు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. గురి చూచుటకు పిస్టల్‌పై ముందొకటి, వెనుకొకటి సైట్లు ఉంటాయి. సైట్లు రెండూ ఒకే వరుసలో ఉండి, చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే గుండు కూడా ఒక మిల్లీమీటరే తప్పుతుంది. కాని మణికట్టు వంగి, ముందు సైటు ఆ వరుస నుండి ఒక మిల్లీమీటరు తొలగితే నష్టం చాలా ఎక్కువ. సైట్ల మధ్య దూరం 36 సెంటీమీటర్లు అనుకొంటే, 10 మీటర్ల దూరంలో ఆ తేడా సుమారు 28 మిల్లీమీటర్లు అవుతుంది. అనగా నడిమధ్యన తగలవలసిన గుండు 7 పాయింట్ల వలయంలో పడుతుంది. ఈ వరుస చెదరకుండా నిలుపుటయే పట్టు యొక్క ప్రధాన ప్రయోజనం. కనుక పట్టుకు బలం కంటె, ప్రతిసారీ ఒకే విధంగా ఉండుట ముఖ్యం.

నియమాలు

అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్ బరువు 1500 గ్రాములకు మించరాదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును తట్టుకొనవలెను. పిడి చేతిని దాటి మణికట్టుకు ఆసరా ఇవ్వరాదు. పిస్టల్ పట్టిన చేతికి గడియారం, కంకణం వంటివి ధరించరాదు.

పట్టుకొనే విధానం

* పిస్టల్‌ను ముందుగా రెండవ చేతితో పట్టుకొని, బొటనవేలికి, చూపుడువేలికి మధ్యనున్న సందులోనికి పిడిని వీలైనంత పైకి చేర్చవలెను.
* నాళం, మణికట్టు, ముంజేయి ఒకే రేఖలో ఉండవలెను.
* మధ్యవేలు, ఉంగరపు వేలు పిడిని తిన్నగా వెనుకకు అదిమి పట్టవలెను. చిటికెనవేలు తేలికగా ఆనించిన చాలును.
* బొటనవేలితో పక్కకు ఒత్తరాదు.
* చూపుడువేలు పిడి పక్క భాగానికి తగలకుండా, దాని మొదటి కణుపుతో ట్రిగ్గర్‌ను తిన్నగా వెనుకకు నొక్కవలెను.

ఎంత గట్టిగా పట్టవలెనో తెలుసుకొనుటకు ఒక సులభమైన ఉపాయం కలదు. చేయి వణకడం మొదలయ్యే వరకు పట్టు బిగించి, వణుకు ఆగే వరకు కొద్దిగా సడలించవలెను. ఆ బిగువునే ట్రిగ్గర్ నొక్కునంతసేపు మార్పు లేకుండా నిలుపవలెను.

అభ్యాసం

కళ్ళు మూసుకొని పిస్టల్‌ను ఎత్తి, తరువాత కళ్ళు తెరచి చూచినపుడు సైట్లు వాటంతట అవే ఒకే వరుసలో కనబడవలెను. అట్లు కానిచో మణికట్టును వంచి సరిచేయరాదు. పిస్టల్‌ను దించి, పట్టునే మార్చుకొనవలెను. పిడి చేతికి అమరనిచో కొయ్యను ఆకురాయితో అరగదీసి, లేదా చెక్కముద్ద పూసి సరిచేస్తారు. గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైరింగ్ వలన పట్టులోని లోపాలు బాగా తెలుస్తాయి. అప్పుడు కూడా నాళం ఖాళీగా ఉన్నదని చూచుకొని, దానిని లక్ష్యం వైపే ఉంచవలెను.

ప్రసిద్ధ క్రీడాకారులు

పట్టు అభ్యాసం వలన అబ్బేదే అనుటకు హంగరీ దేశీయుడు కారోలీ టకాచ్ ఉదాహరణ. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచేయి దెబ్బతినగా ఎడమచేతితో సాధన చేసి, 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లలో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో స్వర్ణ పతకాలు గెలుచుకొన్నాడు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 10 మీటర్లు, 25 మీటర్ల పిస్టల్ పోటీలలో కలిపి ఒక స్వర్ణం, మూడు రజతాలు సాధించింది. 25 మీటర్ల పోటీలో ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు. అనగా రెండు పోటీలలోను పాల్గొనేవారు రెండు వేర్వేరు ఒత్తిడులకు తమ పట్టును అలవరచుకొనవలసి ఉంటుంది.