పాత తుపాకికి వెల కట్టుట

పాతదైనంత మాత్రమున వస్తువునకు విలువ వచ్చునని లోకులు తలంతురు. అమెరికాలో ఈ భ్రమ తరచుగా బయటపడునది తుపాకుల విషయమున. తాతలనాటి అటకమీదనో, పశువుల కొట్టములోనో ఒక విన్‌చెస్టర్ రైఫిలు దొరకును. ఇంటివారు దానిని గుడ్డతో తుడిచి, నూనె రాచి, నిపుణుని యొద్దకు తీసికొనిపోయి, "దీని వెల యెంత?" అని యడుగుదురు. అతడు వెంటనే బదులు చెప్పడు. తుపాకిని వెలుతురునకు త్రిప్పి అంచులు చూచును, అక్షరములు చూచును, మరమేకుల తలలు చూచును. ఇంత చూచి పెక్కుమారులు ఇంటివారి యాశను తగ్గించు మాటయే చెప్పును. ఆ మాట వెనుక గల తర్కము తెలిసికొనదగినది.

లీవరు రైఫిలనగా ట్రిగ్గరు చుట్టును ఉంగరమువలె వంగియుండు మీటతో నడచు తుపాకి. మీటను క్రిందికి త్రోసినపుడు లోపలి కీళ్లు ముడుచుకొని, కాలిన తూటాగుల్లను వెలుపలికి విసరును; సుత్తి వెనుకకు వాలి సిద్ధమగును; క్రొత్త తూటా పైకి లేచును. మీటను మరల దగ్గరకు లాగగనే ఆ తూటా గొట్టములో కూర్చుండును. తూటాలన్నియు గొట్టము క్రిందనుండు మరియొక సన్నని గొట్టములో వరుసగా నిలిచియుండును. 1873 నమూనాలో 24 అంగుళముల గొట్టముగల రైఫిలు 15 తూటాలు పట్టును. ప్రతి దెబ్బకును మందు కూరి కడ్డీతో దట్టించిన తరమువారికి ఇది యెంత వింతగా తోచెనో ఊహింపవచ్చును.

ఈ రైఫిలునకు తన పేరిచ్చిన ఆలివర్ విన్‌చెస్టర్ తుపాకి పనివాడు కాడు; చొక్కాలు కుట్టించి యమ్మిన వ్యాపారి. అతని కర్మాగారమున పనిచేసిన బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో హక్కుపత్రము పొందిన రైఫిలే ఈ వంశమునకు మూలము. ఇత్తడి వన్నె దేహముతో 1866 నమూనా వచ్చెను. తరువాత ఇనుప దేహముతో 1873 నమూనా వచ్చెను. దాని తూటా కొలది సంవత్సరములకే కోల్ట్ రివాల్వరునకును సరిపోవునట్లయ్యెను. నడికట్టులో ఒకే రకపు తూటాలుంచుకొని రెండాయుధములను నడుపగలుగుట దూరప్రయాణము చేయువానికి చిన్న సౌకర్యము కాదు. తయారీ ముగియునాటికి ఈ ఒక్క నమూనాలోనే 7,20,000కు పైగా తుపాకులు వెలువడెను.

ఇన్ని లక్షలుండగా వయస్సొక్కటే వెల కాజాలదు. నిపుణుని మొదటి పరీక్ష పూతకు. కర్మాగారము విడిచిననాడు తుపాకి లోహమునకు నల్లనీలపు మెఱుపు గల పలుచని పూత యుండును. అది పైన వేసిన రంగు కాదు, లోహపు ముఖముననే పుట్టించినది. చేతి చెమటకును, జీను తోలు ఒరపిడికిని అది మెల్లగా కరగి, ఆ చోట గోధుమవన్నెయో బూడిదవన్నెయో తేలును. నూటికి ఎన్ని పాళ్లు తొలినాటి పూత మిగిలినదో లెక్కించి శ్రేణి నిర్ణయింతురు. తొంబది పాళ్లు మిగిలినదానికిని పది పాళ్లు మిగిలినదానికిని వెలలో కొన్ని రెట్ల భేదముండును. చిత్రమేమనగా, పది పాళ్లు మిగిలినదానికంటెను చిన్నచూపునకు గురియగునది వేరొకటి కలదు: నిన్న మొన్న క్రొత్తగా పూత పూయించినది.

దీనిని దాచుట సులభము కాదు. సానపట్టినచోట ఎనిమిది పలకల గొట్టపు అంచులు వాడి తప్పి గుండ్రబడును. చెక్కిన అక్షరముల లోతు తగ్గి, ఒక ప్రక్క అరిగిపోయినట్లుండును. మరమేకు రంధ్రముల చుట్టును పళ్లెమువలె పల్లము పడును. కొయ్యను గీచి మెఱుగుపెట్టినచో, ఒకప్పుడు ఇనుముతో సమముగా నున్న కొయ్య ఇప్పుడు ఇనుముకంటె వెలితిగా నుండును. తగని పనిముట్టుతో ఎవరైన విప్పియుండిన మరమేకు తలలమీది గాట్లు చెదరి ఆ సంగతి చెప్పును. ఇవి యన్నియు చాలవరకు దొంగలు చేసినవి కావు. తాతమీది గౌరవముతో ఒక ఆదివారము మధ్యాహ్నము గరుకు కాగితము పట్టుకొని కూర్చుండిన మనుమడు చేసినవి. ఒక్క పూటలో అతడు పోగొట్టినది మరల ఎన్ని డాలర్లు పోసినను రాదు.

తెలుగు చదువుకొన్నవారికి ఈ న్యాయము క్రొత్తది కాదు. తాళపత్రమున పురుగు తిన్నచోట లేఖకుడు ఖాళీ విడిచిన, పరిష్కర్త అతనికి నమస్కరించును. తనకు తోచిన పదము కూర్చి పద్యము నింపినచో తల పట్టుకొనును. ఖాళీ యెవరిని మోసగింపదు.

రెండవ పరీక్ష కాగితమునకు. ప్రతి తుపాకిమీదను వరుససంఖ్య చెక్కియుండును. వ్యోమింగ్ రాష్ట్రమందలి కోడీ పట్టణపు తుపాకుల ప్రదర్శనశాలలో విన్‌చెస్టర్ కర్మాగారపు పాత ఖాతాలు భద్రపరచియున్నారు. నడుమ కొన్ని తావులు లోపించినను, సంఖ్య తెలిపినచో ఆ తుపాకి గిడ్డంగికి ఎప్పుడు చేరినది, గొట్టము గుండ్రనిదా పలకలదా, ట్రిగ్గరు ఏ తరగతిది అను వివరములతో లేఖ పంపుదురు. ఈ లేఖకు ప్రాణమువంటి విలువ వచ్చుటకు ఒక కారణము చూపవచ్చును. 1870 ప్రాంతపు దశకమున కర్మాగారమువారు పరీక్షలో గురి మిక్కిలి చక్కగా నిలిచిన గొట్టములను ఏరి, ప్రత్యేకపు హంగులతో తుపాకులు చేసి, "వేయింటిలో నొకటి" యని వానిమీద చెక్కించిరి. 1873 నమూనాలో ఇట్టివి 130కి కొంచెము పైన మాత్రమే. 1950లో "విన్‌చెస్టర్ 73" చలనచిత్రము వచ్చినపుడు నిర్మాతలు ప్రచారముకొరకు ఇట్టి తుపాకులెవరియొద్ద నున్నవో తెలుపుడని ప్రకటించిరి. మరుగుననున్నవి కొన్ని వెలికి వచ్చెను. సామాన్యపు తుపాకిమీద ఆ నాలుగు మాటలు చెక్కుట చెక్కుడుపనివానికి కష్టము కాదు. ఖాతాను మాత్రము అతడు చెక్కజాలడు.

ఇక మూడవది కథ. అన్నింటికంటె ఎక్కువ వెల పలుకునది ఇదియే. అన్నింటికంటె అనుమానింపదగినదియు నిదియే. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరమున లకోటా, షయాన్ వీరులు కస్టర్ దళమును నిర్మూలించిరి. ఒక్కొక్క తూటాయే పట్టు తుపాకులు సైనికులకుండగా, వీరులలో పెక్కురయొద్ద హెన్రీ, విన్‌చెస్టర్ రైఫిళ్లుండెను. ఆ యుద్ధములో నున్నదని చెప్పబడు తుపాకులకు నేటికిని కొదువ లేదు. కొయ్యలో ఇత్తడి మేకులు వరుసగా దిగగొట్టి, తోలు చుట్టి, ఆదివాసుల చేతిదని నమ్మించువారు గలరు. అయితే 1983లో ఆ మైదానము తగులబడి గడ్డి పోగా, మరుసటి యేటినుండి పురాతత్త్వశాస్త్రజ్ఞులు అచ్చట త్రవ్వి తూటాగుల్లలు సేకరించిరి. ప్రతి తుపాకియు గుల్లమీద తనదే యైన ముద్ర వేయును. ఆ ముద్రలను పోల్చి ఒక్కొక్క తుపాకిని వేరుగా గుర్తించిరి. ఇంటికథను నేల సాక్ష్యముతో సరిచూచుటకు దారి యేర్పడెను.

కథ నిజమే యైనను అది ఎవరి కథ యని యడుగవలసియున్నది. 1886 నమూనాలో మొదటి సంఖ్యగల రైఫిలు కెప్టెన్ హెన్రీ లాటన్‌కు మిత్రుడిచ్చిన కానుక. అపాచీ నాయకుడు జెరోనిమోను ఆ యేడు వెంటాడిన సేనాని యతడు. 2016లో అమెరికా వేలములో అది 12,65,000 డాలర్లు పలికెను. వేలగాండ్ర నోట ముందు వినబడిన పేరు జెరోనిమోదే. ఆ తుపాకి యేనాడును అతని చేతిలో లేదు. లొంగిపోయిన పిదప అతడు 23 సంవత్సరములు యుద్ధఖైదీగానే బ్రతికి, 1909లో ఖైదీగానే మరణించెను. వెలలో అతని పాలు ఎంతయో ఏ నిపుణుడును విడదీసి చెప్పడు.

దీని ప్రక్కన మరియొక తుపాకిని నిలిపి చూడవలెను. 2014 నవంబరులో నెవాడా రాష్ట్రపు గ్రేట్ బేసిన్ జాతీయ వనమున పురాతత్త్వశాస్త్రజ్ఞులు తిరుగుచుండగా, ఒక జూనిపరు చెట్టునకు చేరగిలబడియున్న విన్‌చెస్టర్ రైఫిలు కనబడెను. కొయ్య ఎండకు వానకు నెరసి, చీలి, అడుగుభాగము మట్టిలో కూరుకొనిపోయియుండెను. గొట్టమంతయు తుప్పు. కోడీ ఖాతాలనుబట్టి అది 1882లో తయారైన 1873 నమూనా. ఆ యేడు వెలువడినవి 25,000కు పైన; మొదట 50 డాలర్లున్న వెల అప్పటికి 25కు దిగియుండెను. పూత లేదు, అరుదైనదియు కాదు. పైని లెక్కల ప్రకారము అది అంగడిలో దాదాపు అడుగుమెట్టున నుండవలసినది. అయినను ఆ వార్త విని దేశదేశములవారు ఆశ్చర్యపడిరి.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి చూడగా గొట్టములో తూటా లేదు. శుభ్రపరచు కడ్డీలుంచుకొనుటకు కొయ్యలో తొలిచిన చిన్న గదిలో మాత్రము ఒక్కటి దొరకెను. ఆ తూటా 1887కును 1911కును నడుమ చేసినది. కావున ఆ తుపాకిని చెట్టునకు ఆనించిన మనుష్యుడు 1887 తరువాతనే అచ్చటికి వచ్చియుండవలెను. లేడిని వెంటాడుచు పోయెనో, గనులు వెదకుచు వచ్చెనో, మరల వత్తుననుకొనెనో! ఖాతాలో కొన్నవాని పేరు లేదు. కోడీలో దానికి చికిత్స చేసినవారు దానిని క్రొత్తదానిగా చేయబూనలేదు. రాలిపోవుచున్న కొయ్యపొరలను జిగురుతో నిలిపి, చీలినదానిని చీలినట్లే యుంచి, ఆ వనమునకే తిరిగి పంపిరి.