పండుగ విందులలో మాంసాహారము: వండుట, వడ్డించుట, నిలువ చేయుట

కనుమ, దసరా, బక్రీదు వంటి పర్వదినములలో బంధుమిత్రులతో కలిసి మాంసాహార విందు చేసికొనుట మన దేశమున అనేక కుటుంబములలో గల ఆచారము. నిత్యము నలుగురికి వండు ఇంటిలో ఆనాడు నలువదిమందికి వండవలసి వచ్చును. పాత్ర పెద్దదైనకొలది జాగ్రత్తయు పెరుగవలెను. విందు జరిగిన మరునాడు పలువురకు కడుపునొప్పి, విరేచనములు కలిగినచో దిష్టి తగిలినదనియో, మసాలా ఎక్కువైనదనియో కొందరు తలతురు. కాని వండిన కూరను గంటలకొలది గుండిగలోనే వదలివేయుట పెక్కుమారులు దీనికి కారణమగుచున్నది.

ఉడికిన కూర ఎట్లు చెడును?

మాంసమునందలి సూక్ష్మజీవులలో పెక్కు బాగుగా ఉడికినంతనే నశించును. కాని క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అను సూక్ష్మజీవి యొక్క సిద్ధబీజములు మరుగు వేడిమిని సయితము తట్టుకొనగలవు. లోతైన గుండిగలో కూర మెల్లగా చల్లారునపుడు అవి మొలకెత్తి, అనుకూలమైన గోరువెచ్చదనములో సుమారు 10 నిమిషములకే రెండింతలు కాగలవు. కూర రుచి, వాసన మారకపోవచ్చును. తినిన 6 మొదలు 24 గంటలలో బాధ ఆరంభమగును.

మాంసమును ఎన్నుకొనుట

జబ్బుపడినదియు, తనంతట చచ్చినదియు నగు గొఱ్ఱె లేక మేక మాంసము ఎంత చవుకగా దొరకినను కొనరాదు. ఆ పశువు దొమ్మరోగముచే చచ్చినదైనచో, కోసినవారికిని తినినవారికిని ఆ రోగము సోకవచ్చును. వండినంతమాత్రమున ఆ మాంసము నిరపాయమగునని నమ్మరాదు. అట్టి మరణమును వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను.

వండుట, వడ్డించుట

పచ్చిమాంసము కోసిన కత్తితోనే ఉల్లిపాయలు, నిమ్మకాయలు తరిగి పచ్చివిగా వడ్డించుట పొరపాటు. వానికి వేరు కత్తి, వేరు పలక ఉండవలెను. లేనిచో సబ్బుతో కడిగిన పిదపనే వాడవలెను. ముక్క నడుమ సయితము వేడి 70 డిగ్రీల సెంటిగ్రేడు దాటవలెను. ఎముక ప్రక్కన ఎఱ్ఱదనము మిగులరాదు. కైమా ఉండలను మరింత శ్రద్ధగా ఉడికింపవలెను.

కడపటి బంతి లేచువరకు కూరను సన్నని సెగపై ఆవిరి వచ్చునట్లు, అనగా 60 డిగ్రీలకు తగ్గకుండ ఉంచవలెను.

మిగిలిన కూర

మిగిలిన దానిని గుండిగలోనే మూతపెట్టి తెల్లవారువరకు ఉంచరాదు. లోతు తక్కువ గల వెడల్పు పాత్రలలోనికి తీసి, చన్నీటి తొట్టిలో నిలిపి చల్లార్చి, వండిన రెండు గంటలలోపల రెఫ్రిజిరేటరులో పెట్టవలెను. వేసవిలో ఇంకను త్వరపడవలెను. మరునాడు తినునంత మాత్రమే తీసి, బుడగలు వచ్చి అంతటను మరుగునట్లు కాచవలెను. మరల మరల కాచరాదు. రెఫ్రిజిరేటరు లేని ఇండ్లలో పూటకు సరిపడునంతే వండి, మిగులునని తోచినచో వేడి తగ్గకముందే ఇరుగుపొరుగులకు పంచుట మేలు. వారును దానిని ఆ పూటనే తినవలెను.

అస్వస్థత కలిగినచో

విరేచనములు ఆరంభమైన వెంటనే ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లము పూర్తిగా కలిపి, కొద్దికొద్దిగా త్రాగింపవలెను. సాధారణముగా ఒక దినములో బాధ తగ్గును. కాని పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు త్వరగా నీరసింతురు. మలములో రక్తము పడినను, మూత్రము తగ్గినను, జ్వరము తీవ్రమైనను ఆలసింపక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

అతిథికి కడుపునిండ పెట్టుట మన మర్యాద. పెట్టిన అన్నము అతనికి హాని చేయకుండ చూచుటయు ఆ మర్యాదలోనిదే.